రాత్రిపూట హైదరాబాద్ చూడాలంటే ఔటర్ మొత్తం తిరగక్కర్లేదు, ఈ అరవై కిలోమీటర్లు చాలు

మీ ప్రశ్న క్లుప్తంగా: కొత్తగా చిన్న కారు కొన్నారు. శనివారం రాత్రి అమ్మానాన్నల్ని, ఏడేళ్ల పాపని ఎక్కించుకుని ఔటర్ రింగురోడ్డు 158 కి.మీ. ఒక చుట్టు తిరిగి రావాలనుంది. తమ్ముడు బైక్ మీద వెనకే వస్తాడు. ఎన్నింటికి బయల్దేరాలి, దారిలో ఎక్కడ ఆగి ఫొటోలు తీసుకోవాలి అని అడిగారు.

ముందు తమ్ముడి సంగతి. ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పోయే పొడవాటి వంతెన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి కూడా అంతే. హెల్మెట్ ఉందా, పెద్ద బండా అన్నది లెక్కలోకి రాదు. అతను కారులో మీతో కూర్చోవాలి, లేదా నేరుగా దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గరికి వచ్చి మిమ్మల్ని కలవాలి. సర్వీస్ రోడ్డు మీద బైక్‌తో మీకు సమాంతరంగా వస్తానంటే ఒప్పుకోకండి. అక్కడ చీకటి, స్పీడ్ బ్రేకర్లు, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు ఉంటాయి. వానాకాలంలో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తితే రాజేంద్రనగర్ దగ్గర సర్వీస్ రోడ్డు మీదికే నీళ్లొస్తాయి, అప్పుడు దాన్ని మూసేస్తారు.

ఇక 158 కి.మీ. మాట. గంటకు 80 చొప్పున ఆగకుండా నడిపినా రెండు గంటలు. అందులో మేడ్చల్, శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్, పెద్ద అంబర్‌పేట మీదుగా సాగే తూర్పు, ఉత్తర భాగంలో రాత్రి కనబడేది స్తంభాల లైట్లు, లారీల వెనక భాగాలు, అంతే. పగలైతే గుట్టలు, చెరువులు అందంగానే ఉంటాయి. రాత్రి మాత్రం ఒకే వెలుగు, ఒకే వేగం, ఒకే టైరు చప్పుడు. డ్రైవర్‌కి నిద్ర వచ్చేది సరిగ్గా అలాంటి రోడ్డు మీదే. ఊరి వెలుగు చూపించాలన్నదే మీ ఉద్దేశం గనక నైరుతి, పడమర భాగం పట్టుకుంటే చాలు. ఇల్లు చేరేసరికి అమ్మానాన్నలకి నడుం నొప్పి కూడా ఉండదు.

దారి ఇదీ. మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగండి. అక్కణ్నుంచి బెంగళూరు హైవే మీద శంషాబాద్, శంషాబాద్‌లో ఔటర్ ఎక్కి అప్పా జంక్షన్, నార్సింగి మీదుగా నానక్‌రాంగూడ. దిగాక శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్, మైండ్‌స్పేస్, కేబుల్ బ్రిడ్జి, జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 45, చెక్‌పోస్ట్, పంజాగుట్ట, నెక్లెస్ రోడ్. చివరికి మాసబ్ ట్యాంక్ మీదుగా మళ్లీ మెహదీపట్నం. అంతా కలిపి 60 నుంచి 65 కి.మీ. ఆగే టైముతో రెండున్నర గంటలు పెట్టుకోండి.

ఈ వరసే ఎందుకంటే, శంషాబాద్ వైపు నుంచి గచ్చిబౌలి వైపు వస్తుంటే నగరం మీకు ఎదురుగా లేస్తుంది. హిమాయత్‌సాగర్ దగ్గర ఎడమ పక్క చీకటి, నీళ్లు. అప్పా జంక్షన్ దాటాక దూరంగా చుక్కల్లా కొన్ని ఎర్ర దీపాలు, అవి ఎత్తైన భవనాల మీద విమానాల కోసం పెట్టినవి. నార్సింగి వచ్చేసరికి కోకాపేట, నానక్‌రాంగూడ టవర్లు అద్దం నిండా నిలబడతాయి. అదే దారి గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కి వెళ్తే ఆ దృశ్యమంతా మీ వీపు వెనక ఉంటుంది, మిర్రర్‌లో తప్ప కనబడదు. కార్లో వెనక కూర్చున్నవాళ్లకి అసలే కనబడదు. ఒకే రోడ్డు అయినా ఎటునుంచి ఎటు అన్నదాన్ని బట్టి చూసే దృశ్యం మారిపోతుంది. చాలామంది ఇంటికి దగ్గరని గచ్చిబౌలిలో ఎక్కి, ఏముంది ఇక్కడ అనుకుంటూ తిరిగొస్తారు.

టైము: మెహదీపట్నంలో రాత్రి పదిన్నరకి బయల్దేరండి. తొమ్మిదికైతే రేతిబౌలి, అత్తాపూర్ వైపు ఇంకా రద్దీ ఉంటుంది. పన్నెండు దాటితే ఆఫీసు టవర్లలో అంతస్తులు ఒక్కొక్కటే ఆరిపోతుంటాయి, డ్రైవర్ కళ్లు కూడా. శనివారమే కావాలంటే సరే, కానీ ఆదివారం రాత్రి ఇంకా మెరుగు. వారాంతం తాగి నడిపేవాళ్లు తక్కువ, రోడ్డు ఖాళీ. డిసెంబర్ 31 రాత్రి మాత్రం వద్దు. ఆ రాత్రి ఫ్లైఓవర్లు, కేబుల్ బ్రిడ్జి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మూసేస్తారు, ఔటర్ మీదికి కూడా విమానం టికెట్ చూపించిన కార్లనే పంపిస్తారు. షబ్-ఎ-బరాత్ లాంటి రాత్రుల్లో కూడా ఫ్లైఓవర్లు మూసే అలవాటు ఉంది. ట్రాఫిక్ పోలీసుల ప్రకటన ముందు రోజే చూసుకోండి.

వెలుగు కోసం వెళ్తున్నారు గనక కారులో అన్నిటికన్నా ముందు సరిచేయాల్సింది ముందు అద్దం. బయటి వైపు అందరూ తుడుస్తారు. లోపలి వైపు ఒక సన్నటి జిడ్డు పొర ఉంటుంది. కొత్త కారులో డాష్‌బోర్డు ప్లాస్టిక్ వేడికి వదిలే ఆవిరి అద్దం మీద పేరుకుంటుంది, అందుకే కొత్త బండ్లలో ఇది ఎక్కువ. పగలు తెలియదు. రాత్రి ఎదురు లైటు పడగానే ప్రతి దీపం చుట్టూ పొగలా వలయం కనిపిస్తుంది. శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ, నీళ్లలో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా తుడిచి, ఇంకో పొడి గుడ్డతో ముగించండి. నిలువు గీతలు మిగిలితే లోపల మళ్లీ, అడ్డగీతలు మిగిలితే బయట మళ్లీ తుడవాలని తెలిసేలా లోపల నిలువుగా, బయట అడ్డంగా ముగించడం మంచి పద్ధతి. డాష్‌బోర్డు మీద మెరిసే పాలిష్ కొట్టించకండి, అది రాత్రి అద్దంలో ప్రతిబింబిస్తుంది. మీటరు, టచ్ స్క్రీన్ వెలుగు బాగా తగ్గించేయండి. లోపల ఎంత చీకటిగా ఉంటే బయట అంత బాగా కనబడుతుంది.

హెడ్‌లైట్లకి స్టీరింగ్ దగ్గర్లో 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే కారు తోక దిగి ముక్కు లేస్తుంది, లైటు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది, మీ రోడ్డు మీద పడదు. అప్పుడు చక్రాన్ని 1కో 2కో తిప్పాలి. చాలామంది కొన్నప్పటి నుంచి అది 0 మీదే ఉంచేస్తారు. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో బజారు ఎల్‌ఈడీ బల్బు పెట్టించుకోవద్దు. ఫిలమెంట్ ఉండాల్సిన చోట కాంతి మూలం ఉండదు గనక వెలుగు చెదిరిపోతుంది. తెల్లగా కనబడుతుంది, దూరం మాత్రం తగ్గుతుంది.

టైర్లలో గాలి: టైర్లు చల్లగా ఉన్నప్పుడు, అంటే కారు మూడు గంటలైనా ఆగి ఉన్నాక చూడాలి. ఎంతుండాలో డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కర్ చెబుతుంది. నిండా మనుషులుంటే ఎంత అని అందులోనే వేరే అంకె ఉంటుంది, మీకు కావాల్సింది ఆ అంకె. హైవే మీద వేడెక్కి పగులుతుందని గాలి తగ్గించమని కొందరు సలహా ఇస్తారు. అది తలకిందుల మాట. గాలి తక్కువైతే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా మడతపడి అక్కడే వేడి పుడుతుంది, పగిలేది అందుకే. స్టెప్నీలో కూడా గాలి చూడండి. కొత్త కార్లలో జాక్ ఎక్కడుందో యజమానికే తెలియని సందర్భాలు ఎక్కువ, ఇంటి దగ్గరే ఒకసారి తీసి చూడండి. ఫాస్టాగ్‌లో డబ్బుందా, కేవైసీ సరిగా ఉందా అన్నది బయల్దేరేముందే ఫోన్లో చూసుకోవాలి. ఔటర్‌లో ఎక్కేచోట నమోదవుతుంది, దిగేచోట దూరాన్ని బట్టి డబ్బు కోసుకుంటారు. ట్యాగ్ పనిచేయకపోతే రెండు చోట్లా ఇబ్బందే. పెట్రోలు మెహదీపట్నంలోనే కొట్టించండి.

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబర్‌లో తెరిచిన 11.6 కి.మీ. పొడవు వంతెన. పోను రెండు, రాను రెండు లేన్లు, పక్కన ఆగే జాగా లేదు. మేడల రెండో అంతస్తు, మూడో అంతస్తు ఎత్తున పోతుంటారు గనక డాబాలు, వెలిగించిన కిటికీలు, మసీదు మినార్లు కంటి ఎత్తున కనబడతాయి. అత్తాపూర్ దగ్గర కింద మూసీ దాటుతుంది. పాపకి ఎడమ కిటికీ ఇవ్వండి. ఇక్కడ వేగం బోర్డు మీదున్నంతే, వంపుల్లో ఇంకా తక్కువ. ముందు కారు ఆగిపోతే తప్పుకునే చోటు లేదని గుర్తుంచుకుని కనీసం మూడు సెకన్ల దూరం వదలాలి. ముందు కారు ఒక దీపస్తంభం దాటగానే లెక్కపెట్టడం మొదలెడితే, మీరు ఆ స్తంభం చేరేసరికి మూడు అయుండాలి. ఒకవేళ బండి ఆగిపోతే సాయానికి ఫోన్ చేసినప్పుడు పిల్లర్ నంబర్ చెప్పలేరు. హైదరాబాద్‌లో అందరూ చిరునామా చెప్పే ఆ నంబర్లు కింద రోడ్డు వాళ్ల కోసం, పైన ఉన్నవాళ్లకి కనబడవు. ఫోన్లోంచి లొకేషన్ పంపండి.

ఆరాంఘర్‌లో దిగాక శంషాబాద్ దాకా మామూలు హైవే. ఇందులో చూడ్డానికేం లేదు. బస్సులు, ఆటోలు, డివైడర్ సందుల్లోంచి దాటే మనుషులు ఉంటారు, జాగ్రత్తగా దాటేయండి. దారి మార్చి పాతబస్తీ చూపించాలనుకుంటే మాత్రం ఆరాంఘర్ నుంచి జూపార్క్ వైపు 2025 జనవరిలో తెరిచిన సుమారు 4 కి.మీ. ఫ్లైఓవర్ ఉంది. అటు పోతే ఔటర్ వదులుకోవాలి. ఒక రాత్రికి రెండూ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు ఔటర్. ఎనిమిది లేన్లు, అంటే మీ వైపు నాలుగు. డివైడర్ పక్కది ఒకటో లేన్. 2023 నుంచి కుడి వైపు రెండు లేన్లకి గరిష్ఠం 120, ఎడమ వైపు రెండు లేన్లకి 80. నలభై కన్నా తక్కువ నడపకూడదు. మీరు మూడో లేన్‌లో 80 దగ్గర నడపండి. 120 అనుమతి కదా అని అడుగుతారు, అందుకే లెక్క చెప్తున్నా. ఏదో అడ్డం కనబడి బ్రేకు మీద కాలు పడేదాకా ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. పొడి రోడ్డు, మంచి టైర్లు. గంటకు 80 మీద పూర్తిగా ఆగడానికి దాదాపు 68 మీటర్లు కావాలి. 100 మీద 97. 120 మీద 130కి దగ్గర. లో బీమ్, అంటే కిందికి దించిన హెడ్‌లైటు వెలుగు గట్టిగా చూపించేది 50, 60 మీటర్లు. మిగతా దూరాన్ని చూపించేది ఔటర్ మీద పెట్టిన ఎల్‌ఈడీ లైట్లు. ఎక్కడైనా నాలుగు స్తంభాలు వరసగా ఆరిపోయి ఉంటే 80 కూడా ఎక్కువే. 120 మీద వెళ్తూ ఆ చీకట్లోకి దూరితే, మీరు చూడగలిగిన దూరానికి రెండింతల దూరం కావాలి ఆగడానికి. పైగా 120 మీద డ్రైవర్ కళ్లు రోడ్డు మీంచి కదలవు, కదలకూడదు. దృశ్యం చూడ్డానికి వచ్చి దృశ్యం చూడలేని వేగంలో వెళ్లి లాభం లేదు.

నాలుగో లేన్ ఇంకా నెమ్మది కదా, అది వద్దా అంటే, వద్దు. ఔటర్ మీద ప్రాణాలు తీసే ప్రమాదాల్లో పాత కథ ఒకటే: ఎడమ అంచున లైట్లు లేకుండా ఆపేసిన లారీని వెనక నుంచి గుద్దడం. టైరు పోయిందనో, నిద్రొచ్చిందనో లారీ ఆపుతారు. వెనక రిఫ్లెక్టర్ మీద దుమ్ము పేరుకుని ఉంటుంది. అరవై మీటర్ల దాకా అది ఆగి ఉందో కదులుతోందో తెలియదు. మూడో లేన్‌లో ఉంటే ఆ గండం ఒక లేన్ దూరంలో ఉంటుంది. మూడులో మీ ముందు లారీ నెమ్మదిగా పోతుంటే మిర్రర్ చూసి, ఇండికేటర్ వేసి, రెండులోకి వచ్చి, దాటి, దాని రెండు హెడ్‌లైట్లూ మీ లోపలి మిర్రర్‌లో కనబడ్డాక మూడులోకి రండి. రెండో లేన్‌లో 80 మీద తాపీగా ఉండిపోకండి, వెనక 120 మీద వచ్చేవాళ్లకి మీరే ఆగి ఉన్న లారీ అవుతారు. లారీకి ఎడమ పక్కనుంచి ఎప్పుడూ దాటొద్దు.

హిమాయత్‌సాగర్ దగ్గర కారు ఆపాలనిపిస్తుంది, ముఖ్యంగా పున్నమి రాత్రి, గేట్లు ఎత్తిన రోజుల్లో. మెయిన్ రోడ్డు మీద ఆపకండి. రెయిలింగ్ పక్కన నిలబడ్డ కుటుంబం వెనక నుంచి వచ్చే లారీ డ్రైవర్‌కి చివరి క్షణం దాకా కనబడదు. ఏసీ ఆపి, ఎడమ కిటికీలు దించి, 60 మీద దాటండి. నీళ్ల మీది గాలి చల్లగా తగులుతుంది, అమ్మానాన్నలకి అదే గుర్తుండిపోతుంది. మూసీ వరదల తర్వాత 1920ల్లో కట్టిన చెరువని పాపకి చెప్పొచ్చు.

నార్సింగి దాటాక బోర్డులు చూడ్డం మీ ఒక్కరి పని కాదు, పక్క సీట్లో ఉన్నవాళ్లకి అప్పజెప్పండి. కోకాపేట, కొల్లూరు, పటాన్‌చెరు వైపు పోయేది వేరు, నానక్‌రాంగూడ, గచ్చిబౌలి వైపు పోయేది వేరు. సరిగ్గా ఇక్కడే టవర్లు కళ్లముందుకొస్తాయి, సరిగ్గా ఇక్కడే దారి తప్పుతారు. తప్పితే బ్రేకు వేయకండి, రివర్స్ అసలు వద్దు. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి వెనక్కి రండి. కొంచెం టోలు, పది పదిహేను నిమిషాలు పోతాయి. అంతే.

ఫొటోలు. కదిలే కారులోంచి ఫోన్ నైట్ మోడ్ పనిచేయదు, రెండు మూడు సెకన్లు తెరిచి ఉంచుతుంది గనక అన్నీ గీతలవుతాయి. వీడియో తీయండి. ఎక్స్‌పోజర్‌ని ఒక వెలిగిన భవనం మీద వేలు నొక్కి లాక్ చేసి, కాస్త కిందికి దించండి, ఆకాశం నల్లగా వస్తుంది. షటర్ వేగం మార్చే వీలుంటే సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, వేరే షటర్‌తో ఎల్‌ఈడీ దీపాలు వీడియోలో మినుకుమినుకుమంటాయి. ఫోన్ పట్టుకునేది పక్క సీట్లో వాళ్లే.

కిందికి దిగి నడుస్తూ చూడాల్సిన చోటు కేబుల్ బ్రిడ్జి. 2020 సెప్టెంబర్‌లో తెరిచారు, మొత్తం 754 మీటర్లు, మధ్య స్పాన్ దాదాపు 234 మీటర్లు. వంతెన మీద కారు ఆపితే చలాన్ ఖాయం. మైండ్‌స్పేస్ వైపు పార్కింగ్‌లో పెట్టి, ఫుట్‌పాత్ మీద నడిచి రండి. రంగులు మారుతుంటాయి గనక ఒకే ఫొటోకి తొందరపడొద్దు. ట్రైపాడ్ ఉంటే కెమెరాలో ఐఎస్‌ఓ (వెలుగుకి స్పందించే అంకె) 100, లెన్సు రంధ్రం ఎఫ్ 8, షటర్ 15 సెకన్లతో మొదలెట్టండి. అయితే బస్సు పోయినప్పుడల్లా వంతెన వణుకుతుంది, ఫొటో చెదురుతుంది. వాహనాలు తక్కువున్న క్షణం చూసి నొక్కాలి. కేబుళ్లు పూర్తిగా, నీళ్లలో నీడతో సహా కావాలంటే వంతెన మీంచి రాదు, చెరువు పక్కనుంచే వస్తుంది. తమ్ముడు కారులో రాకపోతే బైక్ మీద వచ్చి కలవాల్సింది ఇక్కడే. ఈ వంతెన మీదికి, ఇక్కణ్నుంచి నెక్లెస్ రోడ్ దాకా బైక్‌కి అభ్యంతరం లేదు.

నెక్లెస్ రోడ్‌లో వేగం 40 దాటనవసరం లేదు. సచివాలయం, పక్కనే 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, నీళ్ల మధ్య బుద్ధుడు, మూడూ ఒకే చూపులో వచ్చే చోట ఎడమ పక్క పార్కింగ్ చూసుకుని ఆగండి. ముందు ఫ్లైఓవర్లు, టవర్లు చూసి ఇక్కడికొస్తే పెద్దవాళ్లకి తెలిసిన హైదరాబాద్ చివర్లో కనబడుతుంది.

దారిలో టైరు పోతే: బ్రేకు గట్టిగా వేయకండి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి, హజార్డ్ లైట్లు వేసి వీలైనంత ఎడమకి తీసుకెళ్లండి. రిమ్ము పాడవుతుందని లేన్‌లో ఆపొద్దు, రిమ్ము కొనుక్కోవచ్చు. అందరూ ఎడమ తలుపుల్లోంచే దిగి ఇనప రెయిలింగ్ అవతలికి వెళ్లాలి. కారులో కూర్చుని ఎదురుచూడొద్దు. ఎర్ర ట్రయాంగిల్‌ని కారు వెనక కనీసం 100 మీటర్ల దూరంలో, రెయిలింగ్ అవతల నుంచే నడిచి వెళ్లి పెట్టండి. రోడ్డు వైపు టైరు పోతే మీరు మార్చకండి. 112కి ఫోన్ చేసి పక్కనున్న కిలోమీటరు రాయి అంకె, ఎటు వైపు వెళ్తున్నారో చెప్పండి. ఆ రెండూ చెప్పకపోతే సాయం ఎదుటి రోడ్డు మీదికి వస్తుంది.

బయల్దేరేముందు కడుపు నిండా బిర్యానీ వద్దు, సగం తిని మిగతాది తిరిగొచ్చాక తినండి. వాన పడి ఆగిన రాత్రి అయితే ఊరు ఇంకా అందంగా ఉంటుంది, తడి రోడ్డు మీద ప్రతి దీపం రెండవుతుంది. కానీ లేన్ గీతలు కనబడవు, ఫ్లైఓవర్ అంచుల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ రోజు ఔటర్ వదిలేసి కేబుల్ బ్రిడ్జి, నెక్లెస్ రోడ్ వరకే పెట్టుకోండి.